సీసా అడుగున పొడి

చిటికెన వేలి గోరంత చిమ్మట అది, సీతాకోకచిలుకకు పేద చుట్టం. ఎండుగడ్డి రంగు. రెక్కలు చుట్టుకుని పోచ మీద వాలిందంటే కళ్లముందే మాయమైపోతుంది. దాని పిల్లపురుగులు ఒక్క రకం గడ్డే తింటాయి. ఆ జాతి బతికిన ఒకే ఒక్క బీడు మీద పోయిన వారం సిమెంటు పోశారు.

కోడలిది పురుగుల పరిశోధన. సిమెంటు పడేలోపు దొరికిన ఒక్క ఆడదాన్నీ, కాస్త గడ్డినీ సీసాలో పెట్టి ఇంటికి తెచ్చుకుంది. అది గుడ్లు పెడితే జాతి నిలుస్తుంది, లేదంటే లేదు. భూతద్దంతో పోచ పోచా తిరగేసింది. ఆమె ఇదివరకు పెంచినవన్నీ గుడ్లను ఆకులకు అంటించేవే. ఇక్కడ ఒక్కటీ కనబడలేదు. ఇవాళ చూస్తే చిమ్మట వెల్లకిలా పడి ఉంది.

"పోయిందా పాపం," అంది అత్తగారు. "రోజూ సీసా శుభ్రం చేస్తూనే ఉన్నానే."

దుమ్ము కనబడితే ఆవిడకు ముద్ద దిగదు. పరాయి ఇంట్లో కూడా కిటికీ మీద వేలు రాసి చూసే మనిషి.

"ఏం శుభ్రం చేశారత్తయ్యా?"

"అది ఎగిరినప్పుడల్లా అడుగున తెల్లటి పొడి రాలేది. వాక్యూమ్ క్లీనర్‌తో లాగేశాను."

కోడలికి అప్పుడు అర్థమైంది. ఇది గుడ్లను అంటించే రకం కాదు, ఎగురుతూ రాల్చేసే రకం. తను వెతకాల్సింది అడుగున. తప్పులో సగం తనదే, అయినా ఒళ్లు మండిపోయింది.

"అవి గుడ్లత్తయ్యా."

అత్తగారి మొహం పాలిపోయింది. తెల్ల దుప్పటి తెచ్చి పరిచింది. క్లీనర్ సంచీ విప్పి దాని మీద గుమ్మరించారు. వెంట్రుకలు, బిస్కెట్ పొడి, ఓ చొక్కా గుండీ. అప్పుడే చెమటలు కక్కుకుంటూ వచ్చిన అత్తగారి కొడుకు స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఫ్యాను వేయకు," అన్నారిద్దరూ.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయాడు. దుప్పటి మీద ఊపిరి వదలడానికి కూడా భయమేసింది కోడలికి. అత్తగారి వేలు ఒకచోట ఆగింది.

"ఇది చూడు. దుమ్మయితే ఇంత గుండ్రంగా ఉండదు."

నిజంగా గుడ్డే, కానీ చితికిపోయింది. ఇంకోటి సొట్టపడింది. మూడోది నిండుగా, లేత నారింజ రంగు తిరిగి ఉంది.

"రంగు తిరిగిందంటే బతికే ఉంది," అంది కోడలు.

అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది. "హమ్మయ్య. జాతి నిలిచినట్టేగా?"

"ఒక్కటి చాలదత్తయ్యా. జోడు కావాలి."

అత్తగారు మోకాళ్ల నొప్పి మరిచి మళ్లీ దుమ్ము మీదికి వంగింది. "అయితే కాస్త జరుగు, నా వెలుతురుకి అడ్డొస్తున్నావు."