జెర్వాజియో అనుమానం

కంపినాస్ నగరంలో ముప్పై ఏళ్లుగా తర్కశాస్త్రం చెబుతున్న జెర్వాజియో ఆ ఉదయం పదకొండు మంది విద్యార్థులకు మార్కులు కోసేశాడు. అందరిదీ ఒకటే తప్పు. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, ఒళ్లు కాలుతోంది, కాబట్టి జ్వరమే అని తేల్చేశారు.

"ఎండలో నిలబడినా కాలుతుందయ్యా! ఫలితం కనబడగానే కారణం దొరికిందని గంతులేస్తే ఎలా?" అని బల్ల చరిచి మరీ చెప్పాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నంలో గింజల కూర కలుపుకున్నాడు. ఉప్పు లేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అలిగి, భార్య జురేమా మూడు రోజులు ఇలాగే వండింది. కోపమొస్తే ఉప్పు వేయదు. ఉప్పు వేయలేదు. కాబట్టి కోపమే. అంటే సంగతి తెలిసిపోయింది!

"క్షమించు జురేమా," అన్నాడు చెంచా కింద పెట్టి. "మీ నాన్న వాయించే అకార్డియన్ పెట్టె రిపేరులో లేదు. పుస్తకాలకు చోటు చాలక, జుందియాయిలో సంగీతం మాస్టారికి ఇచ్చేశాను."

జురేమా తినడం ఆపేసింది. "ఇచ్చేశావా? రెండు నెలలుగా సామాన్లు దొరకట్లేదంటున్నావే!"

"నీకు తెలీదా? మరి ఉప్పు?"

"నీ బీపీకి తగ్గించమని డాక్టరమ్మ చెప్పిందిగా, నీ ఎదురుగానే! నువ్వేమో ఆవిడ మాటల్లో తప్పులు ఏరుతూ కూర్చున్నావు."

జెర్వాజియోకి ఉదయం పదకొండు మంది చేసిన తప్పు గుర్తొచ్చింది. పన్నెండో మొద్దు తనే. అయినా నోరు ఊరుకోలేదు. "నిజానికి 'రిపేరులో ఉంది' అన్నది అబద్ధమే గానీ, 'ఇంట్లో లేదు' అన్నంతవరకు..."

"నోరు మూసుకుని పద, బస్సెక్కుదాం."

జుందియాయిలో ముసలి మాస్టారు మారు మాట్లాడకుండా పెట్టె తెచ్చిచ్చాడు. జురేమా అక్కడే కుర్చీలో కూర్చుని, పట్టీలు భుజాలకు తగిలించుకుని, కళ్లు మూసుకుని వాయించడం మొదలుపెట్టింది. రెండుచోట్ల తడబడింది. మూడోసారి పాట సాఫీగా సాగింది. మాస్టారు కాలితో తాళం వేశాడు.

జెర్వాజియో నోరు తెరుచుకుని చూశాడు. "నీకు వాయించడం వచ్చా? ఎప్పుడూ చూడలేదు కాబట్టి రాదనుకున్నాను."

"నాన్న పోయాక ముట్టుకోలేదు. నువ్వూ అడగలేదు."

తిరుగు ప్రయాణంలో జెర్వాజియో పెట్టెను తనే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికి రాగానే ఒక అర మొత్తం ఖాళీ చేసి, పుస్తకాలన్నీ మంచం కిందికి తోశాడు.