ఇంటికో మనిషి

పడవ కదలడం లేదు గానీ ఒడ్డు కదులుతోంది, ఒక్కో ఇల్లూ ఒక్కో గోదామూ రహ్మా కళ్ళ ముందు నుంచి మెల్లగా జరిగిపోతున్నాయి, వాటి మధ్యలో నాన్న సోడా కార్ఖానా కూడా ఉంది, అది రంగూన్ నడిమధ్య యూదుల వీధిలో కదా ఉండేది, నది ఒడ్డుకు ఎప్పుడు తెచ్చారు అని ఆమె ఆశ్చర్యపోతూ ఉండగానే ఎదురుగా తెడ్డు పట్టుకుని కూర్చున్న మనిషి, "చిన్నమ్మగారూ, నీళ్ళల్లో సెయ్యెట్టకండి," అంటాడు. ఆ గొంతు వినగానే అతను దాలయ్య అని ఆమెకు తెలిసిపోతుంది. చచ్చిపోయాడని కూడా తెలుసు. నిన్ననే అతనితో పాటు పనికి వెళ్ళిన ఎర్రయ్య తిరిగొచ్చి చెప్పాడు, సయాం రైలు పట్టాల పనిలో, కలరా తగిలి, మూడు రోజుల్లో పోయాడని. అయినా ఆ మాట ఇప్పుడెత్తితే అతను నొచ్చుకుంటాడేమోనని ఊరుకుంటుంది.

"తెడ్డు వెయ్యడం నీకెప్పుడొచ్చింది?" అని మాత్రం అడుగుతుంది.

"బీమిలోడికి ఒకరు నేర్పాలేటి?"

అతను ఒక చేత్తోనే తెడ్డు వేస్తున్నాడు. ఎడమ చేత్తో. కుడి చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఎందుకు దాచాడో ఆమెకు తెలుసు, తెలుసని అతనికీ తెలుసు, అందుకే ఇద్దరూ ఒడ్డు వైపు చూస్తారు. ఒడ్డు మీద ఇప్పుడు కార్ఖానా లోపలి గది ఉంది, గోడల్లేవు, నాన్న హెస్కెల్ బల్ల దగ్గర నిలబడి సీసాలు వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు, పద్దెనిమిదేళ్ళ రహ్మా పక్కన నిలబడి దాలయ్య మోసుకొస్తున్న పెట్టెల్ని చూస్తున్నట్టు నటిస్తూ దాలయ్యనే చూస్తోంది. తననలా దూరం నుంచి చూస్తే ఆమెకు సిగ్గేస్తుంది. అంత బాహాటంగా చూసేదా తను? నాన్నకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"మీ నాన్నగోరికి తెలుసు," అంటాడు దాలయ్య, ఆమె పైకి అనకపోయినా.

"తెలిస్తే బాంబులు పడ్డప్పుడు నన్ను వెతక్కుండా కలకత్తా ఓడ ఎందుకెక్కుతాడు?"

"ఎతికినారు. నువ్వు పైడమ్మత్త ఇంట్లో ధాన్యం గాదె ఎనకాల ఉన్నావు. నాను లేవని సెప్పినాను."

ఇది నిజమో కాదో ఆమెకు తేలదు. ఆ రోజు దాలయ్య తనతోనే, గాదె వెనకే ఉన్నాడు కదా? ఓడ వెళ్ళిపోయాక దాలయ్య అత్త పైడమ్మ పసుపుతాడు తెచ్చి ఇచ్చిందీ, దాలయ్య చేతిలో మూడో ముడి పడకపోతే పైడమ్మే వేసిందీ గుర్తుంది. మరి నాన్నతో మాట్లాడిందెవరు? అడగబోతే పడవ పడవలా లేదు, కూలీల వరస ఇళ్ళ బారకాసులో తమ గదిలా ఉంది, చాప పరిచి ఉంది, ఆమె ఒంటి మీద పైడమ్మ ఇచ్చిన నీలం నేత చీర ఉంది, నుదుట బొట్టు ఉంది. జపాను వాళ్ళు రంగూన్ పట్టుకున్నాక యూదుల్ని తెల్లవాళ్ళ మనుషులని తీసుకుపోతున్నారు కాబట్టి ఇక్కడ ఆమె రహ్మా కాదు.

"ఓలె రత్తీ," అంటాడు దాలయ్య, ఇప్పుడు చిన్నమ్మగారని అనడం లేదు, "ఆళ్ళు అడుగుతున్నారు. నీ పేరేటని సెప్పమంటావు?"

"ఎవరు?"

"అడుగుతున్నారు."

చెప్పడానికి ఆమె నోరు తెరుస్తుంది. రెండు పేర్లూ రావు. నాలుక మీద పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఖాళీగా, పన్ను ఊడిన చోటులా ఉంది. ఆమెకు భయం వేస్తుంది. "నీకు తెలుసు కదా, నువ్వే చెప్పు," అని బతిమాలుతుంది. అతను తల అడ్డంగా ఊపుతాడు, చెప్పనన్నట్టో, తెలియదన్నట్టో.

కిటికీలో రెండు దీపాలు వెలుగుతున్నాయి. శుక్రవారం సాయంత్రం, యూదుల ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళ. అవి ఆరిపోవాలి, ఆమెకు గుర్తుంది. ఆమె కళ్ళు మూసుకుని అమ్మ నేర్పిన ప్రార్థన గొణుగుతూ ఉండగా జపాను వాళ్ళు పెట్టిన వీధి పెద్ద కిటికీ బయట ఆగి చూశాడు, దాలయ్య చూసినవాణ్ణి చూశాడు, ఒక్క అంగలో వచ్చి రెండు వత్తులూ వేళ్ళతో నలిపేశాడు. అప్పుడు ఆమె అన్నది. తెలుగులోనే అన్నది, అతనికి బాగా అర్థం కావాలని. 'నా దీపం ఆర్పిన చేత్తో నన్ను ముట్టుకోకు.' మర్నాడు లేచేసరికి అతను లేడు. రైలు పనికి పేరిచ్చి వెళ్ళిపోయాడన్నారు. రెండేళ్ళు ఆమె అతని మీద కోపంతోనే వంట చేసుకుంది, కోపంతోనే నీళ్ళు మోసింది.

"ఆ చెయ్యి చూపించు," అంటుంది ఇప్పుడు.

"ముట్టుకోవద్దన్నావు గదా."

"నన్ను ముట్టుకోవద్దన్నాను. నేను ముట్టుకోనని అన్నానా?"

ఆమె లాగుతుంది. చెయ్యి వస్తుంది, తడిగా, చల్లగా, పట్టుకున్న కొద్దీ అది నాన్న చెయ్యిలా ఉంటుంది, మళ్ళీ దాలయ్యది, కాలిన మచ్చ ఎక్కడా లేదు, ఎంత వెతికినా లేదు. తను తప్పు చెయ్యి పట్టుకున్నానేమో.

"ఎందుకెళ్ళావు? ఒక్క మాటకేనా?"

"ఇంటికో మనిషినిమ్మన్నారు. మనింట్లో ఎంతమందిమి?"

"ఇద్దరం."

"కాదు. నానొక్కణ్ణే. నువ్వు లేవు గదా."

"నేనున్నాను!"

"లేవు," అంటాడు దాలయ్య ఓపిగ్గా, చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు. "నువ్వు లేకుండా ఉండాలనే గదా."

ఆమెకు అర్థం కాదు, ఏడుపొస్తుంది, నేనున్నాను నేనున్నాను అంటూ అతని చెయ్యి కుదుపుతుంది, ఒడ్డు ఆగిపోతుంది, పడవ కదులుతుంది, ఎవరో తననే కుదుపుతున్నారు.

"రత్తీ. లెగు. నీ వొంతు వొచ్చేత్తంది."

పైడమ్మ. జనాన్ని ఓడలెక్కించి పంపే సహాయ కచేరీ వరండా, గోడకు ఆనించిన బెంచీ, చూరు మీంచి కారుతున్న మధ్యాహ్నపు వాన. జపాను వాళ్ళు పోయి రెండు నెలలైంది. రహ్మా ఒళ్ళో నాన్నతో వెళ్ళిన అన్న కలకత్తా నుంచి రాసిన ఉత్తరం ఉంది. ఓడలో చోటు ఏర్పాటు చేశాననీ, హెస్కెల్ కూతురు, అవివాహిత అని మాత్రమే రాయించమనీ, మిగతాదంతా మరిచిపోదామనీ.

పైడమ్మ పక్కన చతికిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"నీకో మాట సెప్పాలి. ఆడు పోనాడని తెలిసింది గదా, ఇంక నాకు ఒట్టు లేదు. ఆ దీపాల్నాడు సూసినాడే, ఈది పెద్ద. రేత్రికి రేత్రే నా గుమ్మంలోకొచ్చి, అక్కడే ఉన్న దాలయ్యనీ నన్నూ అడిగినాడు. రైలు పనికి ఇంటికో మనిషి. మనిషినిచ్చిన ఇల్లు సోదా సెయ్యరంట. ఇవ్వకపోతే పొద్దున్నే సిపాయిల్తో వొస్తాడంట."

ఇది కల తరువాతి ముక్కో, బయటిదో రహ్మాకు ఒక క్షణం తెలియలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వే ఎదురెల్లి నాను యూదుల పిల్లనని సెప్పీసుకుంటావని నా సేత ఒట్టేయించుకున్నాడు. నిన్ను లేపనివ్వలేదు. నీ గుమ్మం కాడ సేనాసేపు నిలబడి, సెయ్యి సూసుకుని, ఎల్లిపోనాడు."

రెండేళ్ళ కోపాన్ని ఎక్కడ పెట్టాలో రహ్మాకు తెలియలేదు. అది ఎవరిమీదా నిలవకుండా లోపలే తిరిగింది. ఏడవాలనుకుంటే ఏడుపు రాలేదు. లోపల్నుంచి గుమాస్తా పిలిచాడు, రెండోసారి విసుగ్గా పిలిచాడు.

"పేరు?"

"రహ్మా."

"హెస్కెల్ కూతురు, అవివాహిత. అవునా? మీ అన్నగారు ముందే రాసి పంపారు."

"కాదు. భర్త పేరు రాయండి. దాలయ్య."

గుమాస్తా కలం ఆపి తలెత్తాడు. ఆ పేరు రాస్తే కలకత్తా ఓడలో ఆ చోటు ఆమెకు రాదనీ, విశాఖపట్నం వెళ్ళే కూలీల ఓడ కోసం బయట రెండో వరసలో నిలబడాలనీ, అది ఎప్పుడొస్తుందో తనకే తెలియదనీ చెప్పాడు. ఆలోచించుకోమన్నాడు. ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏమవుతుందో అనే భయంతో, "రాయండి," అంది.

రెండో వరస వానలో ఉంది. బిందెలు, మూటలు, గోనె సంచులు నెత్తిన కప్పుకున్న మనుషులు. దాలయ్య తల్లి బతికి ఉందో లేదో, ఉంటే ఆమెకు ఏమని చెప్పాలో, ఏ పేరుతో చెప్పాలో రహ్మాకు ఏమీ తోచలేదు. పైడమ్మ వచ్చి వెనక నిలబడింది. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, రహ్మా తెల్లటి మొహాన్నీ నీలం చీరనూ ఎగాదిగా చూసి, కాస్త జరిగి తన గోనెపట్టా కిందికి ఆమెకు చోటిచ్చాడు.

"మీదే ఊరమ్మా?"

"భీమిలి," అంది, తానెన్నడూ చూడని ఊరి పేరు.