పసుపుపచ్చ హెల్మెట్టు, రేవు పక్షులు

మా ఇంట్లో రోజూ పొద్దున కాఫీలు అయ్యేలోపు ఒక నౌకాదళ రహస్యం బయటపడుతుంది. నిన్న బయటపడిందే ఇవాళా బయటపడుతుంది, రేపూ అదే. బయటపెట్టేది మేం ముగ్గురం: మా ఆవిడ, మా అత్తగారు, నేను. చిక్కుప్రశ్న వేసేది మామగారు. నిన్న కూడా వేశానన్న సంగతి ఆయనకి గుర్తుండదు. మాకు గుర్తుందన్న సంగతి ఆయనకి తెలియనివ్వకూడదు. ఇదీ ఏర్పాటు.

మామగారు రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మేడల కంటే ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని, కింద మనిషి చేత్తో సైగ చేస్తే ఓడలోని పెట్టెలు ఎత్తి ఒడ్డున పెట్టారు. ఈ ఊరు ఆయనకి పైనుంచి అరచెయ్యిలా తెలుసు. కింద నడిచింది మాత్రం ఇంటి నుంచి రేవుకి, రేవు నుంచి ఇంటికి. రిటైరయ్యాక రేవు వాళ్ళు శాలువా కప్పారు. ఆయన శాలువా ఎవరికో ఇచ్చేసి, డ్యూటీలో పెట్టుకునే పసుపుపచ్చ హెల్మెట్టు ఇంటికి తెచ్చుకున్నారు. వీధిలోకి వెళ్తే అది నెత్తిన ఉండాల్సిందే.

"యుద్ధం రోజులు," అని మొదలుపెడతారు, గ్లాసు పక్కన పెట్టి. "ఒక దేశపు నౌకాదళం. వాళ్ళ సొంత జలాంతర్గాములే సముద్రం మీదకి వెళ్ళి, అక్కడి పక్షులకి తిండి పడేసి వచ్చేవి. అసలు పని మానుకుని మరీ. ఎందుకు? అవును, కాదు, ఈ రెండే చెప్తాను. అడగండి."

ఈ ప్రశ్న ఆయనకి ఏదో ఓడలో వంటవాడు చెప్పాడట. అది నిజంగా జరిగిందో లేదో వంటవాడికే తెలియాలి.

"పక్షుల మీద ప్రేమా నాన్నా?" అంటుంది మా ఆవిడ.

"కాదు."

తర్వాత నా వంతు. "ఆ పక్షుల్ని పట్టుకుని తినడానికా అండీ?"

"కాదు," అంటారు జాలిగా. ప్రశ్నలు పంచుకున్నప్పుడు నా వాటాకి ఇదే వచ్చింది. అల్లుడి నుంచి నాన్న ఇంతకంటే ఎక్కువ ఆశించరని మా ఆవిడ నచ్చజెప్పింది.

అక్కడి నుంచి అత్తగారు అందుకుంటారు. "తిండి వేసేటప్పుడు నీళ్ళ పైకి జలాంతర్గామి మొత్తం కనపడుతుందా?"

"కాదు."

"బయట ఏముందో చూడ్డానికి పైకి పెడతారే, ఆ గొట్టం ఒక్కటేనా?"

"అవును!" మామగారి మొహం వెలిగిపోతుంది. మా ఆవిడ మళ్ళీ వస్తుంది: "గొట్టం కనపడితే తిండి దొరుకుతుందని పక్షులకి అలవాటు చేశారా?" "అవునవును!" "శత్రువుల జలాంతర్గామికీ అలాంటి గొట్టమే ఉంటుందిగా," అని అత్తగారు ముగిస్తారు. "వాడు దాన్ని పైకి పెట్టగానే పక్షులు మూగుతాయి. వీళ్ళు దూరం నుంచే కనిపెట్టేస్తారు."

మామగారు తొడ చరుస్తారు. ఇంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదన్నట్టు మమ్మల్ని ఒకసారి కలియజూసి, హెల్మెట్టు పెట్టుకుని బయటికి వెళ్ళిపోతారు. మా కష్టాలు అక్కడ మొదలవుతాయి.

వెళ్ళడం బాగానే వెళ్తారు. రావడమే తెలియదు. మొదటిసారి బస్సు డిపోలో దొరికారు. రెండోసారి ఎవరో పుణ్యాత్ముడు ఆటోలో తీసుకొచ్చి దించాడు. మూడోసారి రైలు గేటు కాపలా మనిషి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పట్టాల మధ్య నడుస్తున్నారట, వెనక నుంచి కూత వినపడుతున్నా పక్కకి తప్పుకోకుండా.

వెంట వెళ్దామంటే ఊరుకోరు. "నేనేమన్నా పాలు తాగే పిల్లాణ్ణా?" అని వీధి మొగలోనే వెనక్కి పంపేస్తారు. మెళ్ళో ఫోను కట్టాం. దారిలో ఎవరికో అవసరమని ఇచ్చేసి వచ్చారు. చిరునామా చీటీ జేబులో పెడితే, కాగితాలు ఎక్కడ పడితే అక్కడ పెడతామని మమ్మల్నే చివాట్లు పెట్టారు. నాకు ఇంటి కిందే కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మామగారి కళ్ళు నేనే పరీక్ష చేశాను. పలక మీద ఆఖరి వరసలో చీమంత అక్షరాలు కూడా గడగడా చదివేశారు. చూపుకైతే నా దగ్గర అద్దాలున్నాయి. దారికి లేవు.

"ఇక లాభం లేదు. బయటి నుంచి తాళం వేద్దాం," అంది మా ఆవిడ ఆ రోజు. అని, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను వెళ్ళి గట్టి తాళం ఒకటి కొనుక్కొచ్చాను.

అత్తగారు ఆ తాళాన్ని ముట్టుకోను కూడా లేదు. "ఆకాశంలో కూర్చుని బతికిన మనిషిని గదిలో పెడితే ఉంటాడా?"

"రైలు కింద పడితే ఉంటాడా అమ్మా?"

ఇంకొక్కసారి తప్పిపోతే తాళమే అని తేల్చి, దాన్ని ఫ్రిజ్ మీద పెట్టాం. మామగారు చూసి, మంచి తాళం, ఎక్కడ కొన్నారని అడిగారు. ఏ దుకాణంలోనో చెప్పాను.

తర్వాత కొన్నాళ్ళకి నా దుకాణం మీద పక్షుల రెట్టలు మొదలయ్యాయి. ఒకటీ అరా అయితే సరే అనుకోవచ్చు. బోర్డు మీద నేను వేయించిన పెద్ద కళ్ళజోడు రెండు వైపులా తెల్లబడిపోయింది. లోపల ఒకాయనకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతుంటే, "రెండింట్లోనూ తెల్లగానే ఉందండీ" అన్నాడు. ఆయన చూస్తున్నది పలకని కాదు, వీధి అద్దాన్ని.

ఒళ్ళు మండి డాబా ఎక్కాను. అత్తగారు కొంగు నడుముకి దోపుకుని, నెత్తిన కొత్త పసుపుపచ్చ హెల్మెట్టు పెట్టుకుని, బకెట్లోంచి చేప తలకాయలు తీసి గాల్లోకి విసురుతున్నారు. రేవులో ఉండాల్సిన పక్షులన్నీ మా డాబా మీదే ఉన్నాయి. ఇంట్లో మతి తప్పింది ఒక్కరికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"అత్తగారూ, ఏంటండీ ఇది?"

"అవునా, కాదా అని మాత్రమే అడగండి బాబూ."

"పక్షుల మీద ప్రేమా?"

"కాదు."

"ఆ హెల్మెట్టు మామగారిది లాంటిదేనా?"

"అవును."

ఇక నేను అడగాల్సింది ఏమీ మిగల్లేదు. అంతా అర్థమై, అర్థమైనందుకు ఇంకా కోపమొచ్చింది. "ఇది జరిగే పని కాదండీ," అన్నాను.

"అది ప్రశ్న కాదు," అని ఆవిడ ఇంకో తలకాయ విసిరారు.

మామగారు మాత్రం సంతోషంగా ఉన్నారు. ఈ మధ్య పక్షులు తనకి బాగా మచ్చికవుతున్నాయని, క్రేన్ మీద ఉన్న రోజుల్నుంచీ వాటికి తనంటే అభిమానమేనని కాఫీల దగ్గర చెప్పేవారు. ఒకరోజు ఒక పక్షి ఆయన చేతిలో రొట్టె లాక్కుపోతే, "చనువు" అన్నారు.

నాలుగోసారి కూడా వచ్చింది. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది, మామగారు రాలేదు. మా ఆవిడ ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది. వస్తూనే రైలు గేటుకి ఫోను చేసింది. లేరన్నారు. ఫ్రిజ్ మీది తాళం తీసి చేత్తో పట్టుకుని, దానివైపు చూడకుండా కూర్చుంది. అత్తగారు మోకాళ్ళ నొప్పులతోనే డాబా ఎక్కారు. నేనూ వెనకే వెళ్ళాను.

"అదిగో," అన్నారావిడ.

మార్కెట్టు అవతల, కప్పుల మీదుగా, ఒక్కచోటే పక్షులు తెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి.

స్కూటరు తీశాను. అత్తగారు వెనక కూర్చున్నారు. కంగారులో ఆ పసుపుపచ్చ హెల్మెట్టే పెట్టుకొచ్చారు. దాంతో మా వెనకా ఓ పదిహేను పక్షులు బయల్దేరాయి. కూడలి దగ్గర ట్రాఫిక్ పోలీసు ఆపడానికి చెయ్యెత్తి, పైకి చూసి, చెయ్యి దించేశాడు.

పక్షులు మూగిన చోటికి చేరాం. అక్కడ పెద్ద మేడ కడుతున్నారు. కూలీలందరూ నీడన భోజనాలకి కూర్చున్నారు. అందరి నెత్తినా పసుపుపచ్చ హెల్మెట్టే.

ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. రోజూ ఆ చిక్కుప్రశ్న విప్పుతున్నాం, గొట్టం ఎవరిదో పక్షికి తెలియదని మేమే రోజూ చెప్తున్నాం, మా హెల్మెట్టు దగ్గరకి వచ్చేసరికి మర్చిపోయాం.

సూపర్‌వైజరు మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. "ఎవరో గానీ అండీ, ఈ పక్షులకి పాడు అలవాటు నేర్పారు. మావాళ్ళు క్యారేజీ మూత తియ్యడం ఆలస్యం, మీద పడుతున్నాయి. వాళ్ళెవరో దొరికితే..."

అత్తగారు నెమ్మదిగా హెల్మెట్టు తీసి కొంగు కింద పెట్టుకున్నారు.

పక్షులు వచ్చింది వీళ్ళ కోసమన్నమాట. మనిషి ఇక్కడ లేకపోతే, ఇంకెక్కడున్నట్టు? రైలు పట్టాలే కళ్ళ ముందు కనపడ్డాయి. నన్నెప్పుడూ తెలివితక్కువవాడిగానే చూసిన ఆ మనిషి అంటే నాకింత ఇష్టమని ఆ సిమెంటు దుమ్ములో నిలబడ్డాకే తెలిసింది. అత్తగారు మాత్రం ఆగలేదు. ఒక్కొక్క హెల్మెట్టు దగ్గరా వంగి, మొహం చూసుకుంటూ వెళ్ళారు. అవతలి చివర, క్రేన్ కింద, ఇటుకల దొంతర మీద కూర్చున్న మనిషి దగ్గర ఆగిపోయారు.

"ఆయన మీవాళ్ళా?" అన్నాడు సూపర్‌వైజరు. "పొద్దున వచ్చారండీ. కింద సైగలు చెప్పే మనిషి ఇవాళ రాలేదు. ఈయన వచ్చి నిలబడి మొదలుపెట్టేశారు. కంపెనీ పంపించిందేమో అనుకున్నాం. చెయ్యి చాలా బాగుందండీ."

మామగారు అత్తగారిని చూసి కొంచెం పక్కకి జరిగారు, కూర్చోమన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఇంటికి ఎటో తెలియలేదు. ఇది కనపడింది. పైకెక్కి చూస్తే మన ఇల్లు కనపడుతుందని వచ్చాను. ఎక్కనివ్వలేదు."

అత్తగారు ఆయన పక్కన కూర్చున్నారు. ఒక పక్షి వచ్చి మామగారి భుజం మీద వాలింది.

"ఈ పక్షులు నన్నెందుకు పట్టుకున్నాయో అర్థం కావట్లేదు," అన్నారు మామగారు.

"నేనొక ప్రశ్న వేస్తాను, చెప్తారా?" అన్నారు అత్తగారు. "ఒక ముసలాయన. ఎక్కడికి వెళ్ళినా పక్షులొస్తాయి. ఎందుకు?"

ఆయన సర్దుకుని కూర్చున్నారు. "అవును, కాదేనా?"

"అవును."

"ఆయన వాటికి తిండి పెడతాడా?"

"కాదు."

"ఇంకెవరో పెడతారా?"

"అవును."

"ఆయనలాగే కనపడేట్టు తయారై?"

"అవును." కొంగు కింద నుంచి హెల్మెట్టు సగం బయటికి కనపడుతూనే ఉంది.

"ఆవిడకి పక్షుల మీద ప్రేమా?"

"కాదు."

మామగారు తన హెల్మెట్టు తీసి, తిప్పి చూసుకున్నారు. "ముసలాయన ఎక్కడున్నాడో కనిపెట్టడానికా?"

"అవును."

"ఆయన శత్రువా?"

"కాదండీ," అన్నారు అత్తగారు.

"మరి, తప్పిపోతుంటాడా?"

"అవును."

మామగారు క్రేన్ వైపు చూశారు. హెల్మెట్టు మళ్ళీ నెత్తిన పెట్టుకుని, "మంచి ప్రశ్న," అన్నారు. "ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."

"అలా చెప్పకూడదు. అవును, కాదు. అంతే."

ఇంటికి తీసుకొచ్చాం. గుమ్మంలో మా ఆవిడ తాళం పట్టుకుని నిలబడి ఉంది. నాన్నని చూసి, తాళాన్ని మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టి, భోజనం వడ్డించింది. మాట ప్రకారం వెయ్యాలి. ఎప్పుడు వెయ్యాలన్నది రేపటికి వాయిదా వేశాం.

మర్నాడు పొద్దున కాఫీల దగ్గర మామగారు గ్లాసు పక్కన పెట్టారు. మేం ముగ్గురం ఎవరి ప్రశ్నలు వాళ్ళం సిద్ధం చేసుకున్నాం. "ఒక ముసలాయన," అని మొదలుపెట్టారు. "ఎక్కడికి వెళ్ళినా పక్షులొస్తాయి. ఎందుకు? అడగండి."

ఈ ప్రశ్న ఎవరు వేశారో, ఎవరి గురించి వేశారో ఆయనకి గుర్తు లేదు. ప్రశ్న ఒక్కటే మిగిలింది. మాకింకా వాటాలు పంచుకోవడం కాలేదు. మా ఆవిడ "పక్షుల మీద ప్రేమా నాన్నా?" అని పాతదే అడిగింది. "కాదు" అన్నారు. నా వంతు వచ్చింది. పక్షుల్ని తినడం గురించి ఇక్కడ కుదరదు. మనసులో ఉన్నదే నోట్లోంచి వచ్చేసింది.

"ఆ ముసలాయన్ని ఇంట్లోవాళ్ళు లోపల పెట్టి తాళం వేస్తారా అండీ?"

మామగారు నిజంగానే ఆలోచించారు.

"కాదు," అన్నారు మామగారు. "తాళం వేసే వాళ్ళయితే పక్షులెందుకండీ? కాస్త ఆలోచించి అడగాలి అల్లుడుగారూ."

మా ఆవిడ లేచి, ఫ్రిజ్ మీది తాళం తీసి నా చేతిలో పెట్టింది. దుకాణం షట్టరు తాళం సరిగ్గా పడటం లేదన్నారుగా, దానికి వేసుకోండి అంది.