అక్క చేతి ఆట

టక్. కాసేపాగి, టక్ టక్.

మెట్ల మీదే ఆగిపోయాను. కింద మా దర్జీ కొట్టులో మిషన్లు భోజనాల వేళకు ఆగాయి. పైన అక్క గదిలోంచి వస్తోంది ఆ చప్పుడు. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇనుప తొడుగు తీయకుండానే అక్క పేక ఆడేది. ముక్క వేసినప్పుడల్లా తొడుగు బల్లకు తగిలేది.

అక్క పోయి రెండు నెలలు.

తలుపు తోశాను. అమ్మ. తొడుగు ఆమె వేలికి వదులుగా వేలాడుతోంది. ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి.

"నాకు రావట్లేదే," అంది. "నువ్వు నేర్చుకో. దాని చప్పుడు వినాలి నేను."

కొట్టులో బట్ట కత్తిరించే మామయ్య నేర్పాడు. "ఏడు వరసలు పేర్చు. నలుపు మీద ఎరుపు, ఎరుపు మీద నలుపు, ఒక్కో మెట్టూ దిగుతూ రావాలి. ఖాళీ అయిన చోటికి రాజుగారే వేంచేయాలి. ఆసులు పైకి. అంతే."

"ఎదుట ఎవరూ ఉండరా?"

"ఉండరు. ఓడిపోతే తిట్టుకోడానికి కూడా నీకు నువ్వే గతి!"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు నాదే. బాగా గుర్తు.

రోజూ మధ్యాహ్నం అక్క తొడుగు పెట్టుకుని నేను ఆడేదాన్ని, అమ్మ కళ్ళు మూసుకుని వినేది. "అలా కాదు, ఎడమ చేత్తో." చేయి మార్చాను. "ఆలోచించేటప్పుడు రెండుసార్లు కొట్టాలి." కొట్టాను. వారం తిరిగేసరికి ఎవరూ చెప్పకుండానే కొడుతున్నాను. మరో వారానికి సూదీ ఎడమ చేతికే వచ్చింది. గుండీలు అచ్చం అక్క కుట్టినట్టే బిగువుగా పడుతున్నాయి. నా కుట్టు చూసి మామయ్య హాస్యాలాడటం మానేశాడు.

ఒకనాడు కింది నుంచి ఆయన కేక: "చిన్నదానా! ఒసే చిన్నదానా!"

ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను.

"పెద్దదానా, టీ తాగుతావా?" అంది అమ్మ మెల్లగా.

"తాగుతానమ్మా."

అన్నాక తట్టింది, నేను పలికింది అక్కను పిలిచే పిలుపుకని. నా పేరు తలచుకోబోయాను. నాలుక చివరిదాకా వచ్చి జారిపోయింది. అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో!

ఎదుట ఆట గెలుపుకు వచ్చింది. బోర్లా ఉన్నది ఒక్క ముక్కే. అక్క ఏనాడూ ఆట ముగించేది కాదు, "అది కూడా తిప్పేస్తే ఇంకేం మిగులుతుందే?" అంటూ అన్నీ కలిపేసేది. నా ఎడమ చేయి ముక్కలు పోగుచేయడానికి లేచింది. నేను లేపలేదు. అమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది.

ఆ చేతిని తొడ కింద అదిమి కూర్చున్నాను. ఇనుము ఒంట్లోకి దిగుతోంది. కుడిచేత్తో ఆఖరి ముక్క తిప్పాను. కళావరు మూడు. చప్పుడు లేదు.

ఆ నిశ్శబ్దానికి అమ్మ కళ్ళు తెరిచింది.

"ఎవరే నువ్వు?"

"నాకు తెలియట్లేదమ్మా. నువ్వే చెప్పాలి."

చాలాసేపు నా ముఖంలో వెతికింది. ఇన్నాళ్ళుగా ఎండిపోయిన కళ్ళు నిండాయి.

"అది లేదు కదే," అంది. నా కుడిచేయి రెండు చేతులా పట్టుకుని నన్ను పిలిచింది.

"వకుళా."