నిండిపోయిందన్న హాస్టల్

"ప్యాకప్పా? ఎవర్నే ప్యాకప్ చేసేది?"

లోపలి గదిలోంచి అత్తగారి కేక వినబడేసరికి ఆమె చేతిలో టిఫిన్ డబ్బా మూత జారి కింద పడింది. ఆమె అన్నది చిన్న మాటే. పొద్దున్నే వంటగదిలో మూడు డబ్బాలు సర్దుతూ, బల్ల దగ్గర ఫోన్లో తల దూర్చి కూర్చున్న భర్తతో, "ఏమండీ, పిల్లకి ఇవాళ బ్యాకప్ పెట్టేస్తున్నాం. సముద్రం పక్కనున్న యూనివర్సిటీ" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. ఆ మాట గోడ దాటి అత్తగారి చెవిదాకా వెళ్లేలోపల ఒక అక్షరం మార్చుకుంది.

చెయ్యి తుడుచుకుని వెళ్లి చూస్తే అత్తగారు మంచం మీద దుప్పటి పరిచి, అందులో బట్టలూ, మాత్రల డబ్బా, కళ్లజోడూ, వినికిడి మిషనూ వేసి మూట కట్టేస్తోంది. మిషను మూటలో ఉంటే చెవిలో మాటెలా పడుతుంది?

"నన్ను నా కూతురింటికి తోలేస్తున్నారు కదూ! ఏం పాపం చేశానే నీకు? కాళ్లాడట్లేదనేగా!"

ఆమె మంచం మీద కూర్చుని, అత్తగారి చెవి దగ్గర నోరుపెట్టి అరిచింది. "ప్యాకప్ కాదత్తయ్యా, బ్యాకప్పు! మన పిల్లకి! పెద్ద యూనివర్సిటీలో సీటు రాకపోతే సముద్రం పక్కదాంట్లో చేరుతుంది! రెండోది! మిమ్మల్నెవరూ ఎక్కడికీ పంపట్లేదు!"

"ఆ ముక్క మెల్లిగా చెప్పొచ్చుగా, అలా అరుస్తావేం?" అంది అత్తగారు, మూట విప్పుతూ. బల్ల దగ్గర్నుంచి ఆయన తలెత్తాడు. "పొద్దున్నే ఏంటా గోల?" అని మళ్లీ తలదించాడు.

ఆ ఇంట్లో వినికిడి సంగతి అంతే. అత్తగారికి చెవుడు. ఆయనకి వినికిడి బ్రహ్మాండం, వినడమే లేదు. ఆయన రంగుల కంపెనీలో అమ్మకాల మేనేజరు. అమ్మకాలు ఆయన చూసుకుంటాడు, అమ్మ కాళ్లు ఆమె చూసుకుంటుంది. పొద్దున ఆ కాళ్లకి మందు రాసి, పట్టీ చుట్టి, బాత్రూమ్‌కి నడిపించి, డబ్బాలు కట్టి, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఊళ్లోవాళ్ల పళ్లన్నిటికీ టైము ఇస్తుంది గాని, తన పన్ను సలుపుతుంటే డాక్టరు ముందు నోరు తెరవడానికి తనకి టైము లేదు. ఇంట్లోనూ నోరు తెరిచే అలవాటు పోయింది కనక పెద్ద ఇబ్బందేం అనిపించదు. "నీదేముందిలే, కూర్చుని ఫోన్లెత్తే ఉద్యోగం" అంటాడాయన, సోఫాలో కూర్చుని ఫోన్ దించకుండా. ఆయన ఆమెని పిలిచే పేరు 'ఇదిగో'. ఇదిగో నీళ్లు, ఇదిగో తువ్వాలు, ఇదిగో మా అమ్మ పిలుస్తోంది. 'ఇదిగో' అనగానే 'అదిగో' అక్కడుండాలి.

ఆ ఇంట్లో ఆమెని ఆమెలాగే పలకరించేది కూతురొక్కతే. నానమ్మ దానికి పెట్టిన పేరు కందిరీగ. ఒకచోట నిలవదు, జోలికెళితే కుడుతుంది. సాయంత్రం క్లినిక్ నుంచి అమ్మ రాగానే వంటగది గట్టు మీదెక్కి కూర్చుని, "చెప్పమ్మా, ఇవాళ ఎవరి పన్నూడింది?" అంటుంది. కూరగాయలు తరుగుతూ ఆమె చెబుతుంది. నవ్విస్తుంది కూడా. బయట ఎవరికీ తెలీదు గాని ఆమె భలే నవ్విస్తుంది. డాక్టరుగారి దగ్గర అప్పుతీసుకున్నవాళ్లలా వణికే పేషెంట్లనీ, మత్తు దిగకుండానే ఫోన్లో పెళ్లాం మీద అరవబోయి మూగవాడైపోయిన పెద్దమనిషినీ అభినయించి చూపిస్తుంది. రోజు మొత్తానికి ఆమె మనిషిగా బతికేది కుక్కర్ కూతలు పూర్తయ్యేదాకా ఆ కాసేపే.

పరీక్షలు రాసిన పిల్లలు ఫలితాలు రాకముందే రెండు యూనివర్సిటీల పేర్లు ఇవ్వాలి. మార్కులు అనుకున్నన్ని వస్తే మొదటి యూనివర్సిటీ, తగ్గితే రెండోది. మొదటి పేరు దగ్గర ఇంట్లో పెద్ద సభే జరిగింది. ఆయన తన ఆఫీసువాళ్లని అడిగాడు, తమ్ముడికి ఫోన్ చేశాడు, అందరికీ తెలిసిన పెద్ద పేరొకటి ఖాయం చేశాడు. దానికి కావాల్సిన మార్కులు రావని పిల్లకీ తెలుసు, తల్లికీ తెలుసు. "రెండోది నువ్వే చూసి ఏదో ఒకటి పడేయ్" అన్నాడు ఆమెతో. ఆ ఇంట్లో పని పంపకం మొదట్నుంచీ అదే. పేరున్నవన్నీ ఆయన వాటా, పేరులేనివన్నీ ఆమె వాటా. 'ఏదో ఒకటి' అంటే వీధి చివరి కాలేజీ అని ఆయన లెక్క. "ఇంట్లోంచే వెళ్లొస్తుంది. మా అమ్మకి తోడు. నీకూ చేతి కింద సాయం" అని అదివరకే ఒకటి రెండుసార్లు అన్నాడు. వినడానికి ఎంత బావుందో! పిల్లంటే పాలలో వేసే తోడు కాబోలు, వేసేస్తే కదలకుండా తోడుకుంటుంది.

పిల్ల చదవాలనుకున్నది సముద్రపు చదువు. అలలెందుకు లేస్తాయి, ఒడ్డెందుకు కోసుకుపోతుంది, అలాంటివి. అది వీధి చివర దొరకదు. అందుకే తల్లీ కూతుళ్లిద్దరూ రెండో పేరుగా సముద్రం పక్కనున్నదే పెట్టారు. పెట్టడం సులువుగానే అయిపోయింది. అసలు చిక్కు గది దగ్గర వచ్చింది. ఆ యూనివర్సిటీని మొదటి పేరుగా ఇచ్చిన వాళ్లకి అక్కడ గది గ్యారంటీ. రెండో పేరుగా ఇచ్చిన వాళ్లకి ఎవరు ముందు అడిగితే వాళ్లదే. ఫలితాలొచ్చేదాకా ఆగితే గదులుండవు. దూరపు ఊరు, తెలిసినవాళ్లు లేరు. గది లేకపోతే ఆడపిల్లని ఎవరు పంపుతారు? సీటొచ్చి ఏం లాభం, చేరేది వీధి చివరే. పిల్లకి పద్దెనిమిది నిండలేదు కనక గది అడగాల్సింది పెద్దవాళ్ల ఖాతా నుంచి. అంటే 'ఏదో ఒకటి' చేసే ఆవిడ ఖాతా నుంచి.

గదుల దరఖాస్తులు తెరిచారు. ఆమె క్లినిక్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచింది. కిటికీలున్న గదులు, బాల్కనీ ఉన్న గదులు, ఒక్కరికే ఒక గది. బొమ్మల్లో పక్కలన్నీ తెల్లగా, ఎవరూ పడుకోకుండా ఉన్నాయి. ఒక పక్క మీద తన కూతురు బోర్లా పడుకుని కాళ్లూపుతూ, ఎవరో వేరే పిల్లతో కబుర్లు చెబుతున్నట్టు కనిపించింది. ఆమె పేజీ మూసేసింది. పేషెంట్ వచ్చాడు, అందుకే మూసింది. పేషెంట్ వెళ్లాక మాత్రం తెరవలేదు.

"పెట్టావా అమ్మా?" అంది సాయంత్రం కందిరీగ.

"రద్దీగా ఉందే. రేపు."

మర్నాడూ రేపే. ఆ మర్నాడు అత్తగారికి కాలు వాచింది. ఆ తరవాత నిజంగానే రద్దీ. ఆమె అబద్ధం ఆడలేదు. ఆమె రోజులో కారణాలకేం కొదవ, ఏది పట్టుకున్నా నిజమే. పిల్ల అడిగినప్పుడల్లా గొంతు తగ్గించి అడిగేది, బతిమాలినట్టు ఉండకూడదని. అది ఆమె కనిపెట్టేది. అయినా పెట్టలేదు. ఎవరూ వద్దనక్కర్లేదు, తను వద్దనక్కర్లేదు, కాస్త ఆలస్యం చేస్తే చాలు. ఆయన మాటా నెగ్గుతుంది, అత్తగారికీ మనిషుంటుంది, కుక్కర్ కూతలప్పుడు గట్టు మీద పిల్ల కూర్చుని ఉంటుంది. నింద మాత్రం గదుల మీదకి పోతుంది. పెళ్లయినప్పట్నుంచీ ఆమెని అందరూ మెచ్చుకునేది ఒక్క మాటతోనే, భలే సర్దుకుపోతుంది అని. సర్దుకుని పోయే ఛాన్సు పిల్లకొస్తే దాన్ని కూడా సర్దుకుపొమ్మంటోంది తను.

ఒకరోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఒక ముసలాయన, కట్టుడు పళ్లు గుచ్చుకుంటున్నాయట. ఆయన వస్తే గంటసేపు వదలడని డాక్టరు దూరం నుంచే చెయ్యూపాడు. "ఈ వారం ఖాళీ లేదండీ. మొత్తం నిండిపోయింది" అంది ఆమె తియ్యగా. ఎదురుగా తెర మీద ఖాళీ గళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. "అయ్యో, పర్లేదమ్మా, నాదే ఆలస్యం" అని ముసలాయన ఫోన్ పెట్టేశాడు.

రిసీవర్ ఆమె చేతిలోనే ఉండిపోయింది. 'నిండిపోయింది' అనేది వద్దు అనడానికి ముద్దుపేరు. రోజూ వాడే మాటే. ఇంకెవరో ఎప్పుడో తన మీదే వాడారేమోనని ఇన్నేళ్లలో తట్టనేలేదు. తనకీ సీటొచ్చింది ఒకప్పుడు, వేరే ఊళ్లో. మొక్కల చదువు. అమ్మ "చూద్దాం, చూద్దాం" అంది. చివరికి, "హాస్టల్ నిండిపోయిందటే, ఏం చేస్తాం" అని తల నిమిరింది. తను ఆ హాస్టల్ని తిట్టుకుంది. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. అప్పుడు కూడా హాస్టల్నే తిట్టుకుంది.

భోజనం వేళ డబ్బా విప్పకుండా మెట్ల మీద కూర్చుని తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, అప్పుడు నా హాస్టల్ నిజంగానే నిండిపోయిందా?"

"ఇప్పుడెందుకే ఆ గోలంతా? తిన్నావా?"

"చెప్పమ్మా."

 

"అడిగితే కదా నిండేది" అంది తల్లి. "రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకున్నాను. మీ నాన్న సంగతి నీకు తెలుసుగా. నువ్వు కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషేదే?"

ఆమెకి కోపం రావాలి. దాని కోసమే కాసేపు ఎదురుచూసింది. రాలేదు. దాని బదులు గట్టు మీద కాళ్లూపుతూ కూర్చున్న పిల్లలా తనూ, కూరగాయలు తరుగుతూ అమ్మా కనిపించారు. "సర్లే, తింటాను" అని ఫోన్ పెట్టేసి, ఏడ్చి, మొహం కడుక్కుని, లోపలికెళ్లి ఆ పేజీ తెరిచింది.

కిటికీ గదులు నిండిపోయాయి. బాల్కనీవీ నిండిపోయాయి. ఒక్కరికే ఒక గది అన్నవన్నీ నిండిపోయాయి. ఈసారి నిజంగానే. వెనక భవనంలో, బట్టలుతికే గది పైన, ఇద్దరికొకటి చొప్పున కాసిని మిగిలాయి. ఎదుట నిలబడ్డ పేషెంట్‌ని "ఒక్క నిమిషం కూర్చోండి" అని, కూతురి పేరు కొట్టింది. ఆ ఉద్యోగంలో తన పని కోసం ఒకర్ని కూర్చోబెట్టడం ఆమెకి అదే మొదటిసారి.

ఫలితాలొచ్చిన రోజు అందరూ హాల్లోనే ఉన్నారు. అత్తగార్ని కుర్చీలో కూర్చోబెట్టి కాలికి పట్టీ చుడుతోంది ఆమె. పిల్ల ఫోన్ చూసి, "మొదటిది రాలేదు" అంది.

ఆయన మొహం కాసేపు వేలాడింది. తరవాత తనే తేరుకున్నాడు. "పోన్లే. వీధి చివర కాలేజీ ఉందిగా. హాయిగా ఇంట్లో ఉండి చదువుకో. నానమ్మకీ తోడు."

"రెండోది వచ్చింది నాన్నా. సముద్రం పక్కది. గది కూడా ఖాయమైందని మెసేజొచ్చింది."

"అదేంటి? ఎవరిదో నీకొచ్చినట్టుంది. తీసెయ్."

"పొరపాటేం కాదండీ" అంది ఆమె, పట్టీ ముడి వేస్తూ. "మేం పెట్టింది అదే. గది నేనే అడిగాను."

"నాకొక్క మాటైనా చెప్పావా? ఇంత పెద్ద విషయం దాస్తావా నా దగ్గర?"

"చెప్పిందిరా" అంది అత్తగారు.

అందరూ అటు తిరిగారు.

"నా చెవిలో మైకు పెట్టినట్టు అరిచి మరీ చెప్పింది. నువ్వు ఆ బల్ల దగ్గరే ఏడ్చావు. నాకు వినపడ్డది నీకేం రోగమొచ్చి వినపళ్లేదు?"

"నీకు తెలీదులే అమ్మా. అది వెళ్లిపోతే పగలు నిన్నెవరు చూస్తారు?"

"నేను కన్నది దాన్నా, నిన్నా?" అంది అత్తగారు. ఆ మాట తనకే గట్టిగా వినిపించినట్టుంది, తల పక్కకి తిప్పుకుంది. పట్టీ చుట్టిన కాలు మాత్రం కొద్దిగా వెనక్కి లాక్కుంది. అది చూసిందీ, ఆ కాలు మీద చెయ్యి వేసిందీ ఆమె ఒక్కతే.

కందిరీగ మధ్యలో దూరింది, తల్లిని వెనకేసుకొస్తూ. "అమ్మనేమీ అనకు నాన్నా. పాపం క్లినిక్ పనిలో పడి ఆలస్యమైంది కూడా. లేకపోతే ఒక్కదానికే గది దొరికేది. పర్లేదమ్మా, నాకిది చాలు."

ఎంత చక్కటి మాట అందించింది పిల్ల! పనిలో పడి. దాన్ని అందుకుని ఊరుకుంటే సరిపోతుంది. జీవితాంతం ఎవరూ అడగరు. తన తల్లిని తను అడగలేదుగా మొన్నటిదాకా.

"పనిలో పడి కాదే" అంది ఆమె. "తెలిసే ఆపాను. ఆపితే గదులు నిండిపోతాయని, నువ్వు వెళ్లవని. రద్దీ అంటూ రోజూ నీకు చెప్పింది అదే. మీ అందరికీ కూడా చెబుతున్నాను, రేపు ఎవరూ గదుల్ని తిట్టుకోకుండా. గదులు చాలా రోజులు ఖాళీగానే ఉన్నాయి."

పిల్ల మొహంలో రంగు మారింది. "ఎందుకమ్మా?"

"నువ్వెళ్తే ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు."

అత్తగారికి ఎంత వినపడిందో తెలీదు, కళ్లు మూసుకుంది. కందిరీగ ఏడుస్తోంది, ఏడుస్తూనే వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆ ఇంట్లో ఆయన ప్రశ్న వేసి జవాబు కోసం చూడటం ఎవరూ ఎరగరు.

"అదేంటి, నేను లేనూ?" అన్నాడు.

ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. క్లినిక్‌లో ఫోనెత్తినప్పుడు ఎంత మర్యాదగా చెబుతుందో అంత మర్యాదగా, ఈసారి మాత్రం నిజమే చెప్పింది.

"లేరండీ."