తబిత మోకాలు

నేను ఒక మోకాలి పట్టీని. మందపాటి నల్లగుడ్డ, రెండు పక్కలా ఉక్కు మడతబందులు, బిగించడానికి అంటుకునే పట్టెలు: ఇదే నా ఒళ్లు. ఏదో కార్ఖానాలో పుట్టి, విశాఖపట్నంలో ఒక మందుల షాపులో వేలాడుతుంటే, చేపలమ్ముకునే కాంతమ్మ తన కూతురి కోసం నన్ను కొంది.

కూతురు తబిత ఫుట్‌బాల్ క్రీడాకారిణి. ఎడమ అంచున బంతి దొరికితే గోలు దాకా ఆగేది కాదట. లీగు మ్యాచ్‌లో అవతలి జట్టు డిఫెండర్ గిరిజ బంతి కోసం కాలు చాపింది. అందులో తొండి ఏమీ లేదు. కానీ తబిత మోకాల్లో టప్పుమంది. లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేశారు.

ఏడాది తిరిగేసరికి మోకాలు నయమైంది. ఆ సంగతి డాక్టరు కన్నా ముందు నాకే తెలిసింది; నా మీద బరువు పడడం మానేసింది మరి. మనుషుల తీరే వేరు. నొప్పి ఉన్నన్నాళ్లూ నన్ను విసుక్కున్న పిల్ల, నొప్పి పోయాక నన్ను విప్పడం మానేసింది. పడుకున్నా నేను ఉండాల్సిందే. బిగించేది, వదులు చేసేది, మళ్లీ బిగించేది. మైదానంలో బంతి వచ్చీరాకముందే ఇంకొకరికి తోసేసేది. వెనక అడుగుల చప్పుడైతే చాలు, నా కింద కండరం రాయిలా బిగుసుకునేది.

కోచ్ సత్యారావు మొదట బుజ్జగించాడు, తర్వాత కసిరాడు. జట్టులో కొందరు నాటకమన్నారు. ఆడేవాళ్లకు ఉద్యోగం కూడా ఇచ్చే జట్టుకు ఎంపికలు దగ్గర పడుతున్నాయి. తబిత నొప్పని అబద్ధమాడి ప్రాక్టీసు మానేసింది. అన్నం ముందు కూర్చుని తల్లి మీద అరిచేది, ఆనక ఏడ్చేది.

ఒక సాయంత్రం గిరిజ ఇంటికి వచ్చింది. గుమ్మం దాటలేదు. తనను జట్టులోంచి తీసేశారని చెప్పింది. తబిత ఎందుకని అడిగింది.

“నీ మోకాలు టప్పుమన్న ఆ చప్పుడు నాకూ ఇనబడతానే ఉంటాది. అప్పట్నుంచి ఎవరి మీదకీ కాలు చాపలేకపోతన్నాను.”

తబిత నా పట్టె విప్పి మళ్లీ బిగించింది. “రేపు బీచికి రా. బంతి నేను తెత్తాను,” అంది.

మొదటి ఉదయం గిరిజ ముందుకు రాలేదు, తబిత బంతి దగ్గర నిలబడలేదు. ఇద్దరూ కాసేపు ఇసకలో కూర్చుని ఇళ్లకు వెళ్లిపోయారు. అయినా మర్నాడూ వచ్చారు, ఆ తర్వాతా వచ్చారు. ఒక రోజు గిరిజ కాలు చాపింది. బంతి ఎగిరింది, తబిత పడింది. గిరిజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడిపోయింది. తబిత మోకాలు ముడిచింది, చాపింది, మళ్లీ ముడిచింది.

“బంతి ఇయ్యి,” అంది. “మళ్లీ రా.”

తబిత పాత వేగం పూర్తిగా రాలేదు. తడి నేల మీద ఇప్పటికీ వెనక్కి చూస్తుంది. ఎంపికల రోజున మాత్రం నన్ను విప్పి తల్లి చేతిలో పెట్టి మైదానంలోకి దిగింది. దెబ్బ తగిలాక కూతురి ఆటకు కాంతమ్మ రావడం అదే మొదలు. ఆమె ఆట చూడలేదు. కళ్లు మూసుకుని నన్ను పిండినట్టు పట్టుకుంది.

ఆట ముగిసింది. తబిత బురదకాళ్లతో నవ్వుతూ వచ్చి నా కోసం చెయ్యి చాపింది.

కాంతమ్మ వేళ్లు నన్ను వదలలేదు.