కుంగిన మోచేయి

రేణు గరాజ్ తలుపు ఎత్తి, పొద్దుటి వెలుగులో మోకాళ్ళు దగ్గరకు తెచ్చి నిలబడింది. వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్యలో మొదటి కదలికల వరుస పేరు సియు నిమ్ తావ్. చిన్న తలపు అని అర్థం. అందులో కాళ్ళు కదలవు. ఒక్క చేయి గుండెల నడిమి నుంచి ముందుకు, తేనె జారినంత నిదానంగా సాగుతుంది. ఆ నిదానంలో ఎదురింటి స్ప్రింక్లర్ చప్పుడు దూరమైపోతుంది. ప్లేనో పోతుంది, ఆఫీసు పోతుంది, తన పేరు కూడా కాసేపు ఎక్కడికో వెళ్ళిపోతుంది. చివరికి ఆ చేయి కూడా తనది కాదనిపిస్తుంది.

అది చాన్ సిఫు చేయి. సిఫు అంటే గురువు. ప్లేనోకి రాకముందు, షామ్‌బర్గ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయన దగ్గరే నేర్చుకుంది. పోయిన చలికాలం ఆయన కన్నుమూశారు. ఆయన చేయి సగం దూరం వెళ్ళాక మోచేయి కాస్త కుంగి, మళ్ళీ తేలి, ఆపైన సాగేది. క్లాసంతా అలాగే చేసేవారు. అది తమ శాఖ రహస్యమనీ, బలం నేలలోకి దిగే చోటనీ ఒకరికొకరు గొప్పగా చెప్పుకునేవారు. ఆయన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. గురువును ప్రశ్నించడం అక్కడ మర్యాద కాదు మరి. మనవాళ్ళకైతే ఆ మర్యాద ఒకరు నేర్పనే అక్కర్లేదు.

ప్లేనోలో కొత్త గురువు లావ్ సిఫు. ఆవిడ శాఖలో చేయి లాగి కట్టిన దారంలా తిన్నగా వెళుతుంది. ఆదివారం కొత్తవాళ్ళ చేతి టీ అందుకుని శిష్యులుగా చేర్చుకుంటానని, రేణును మాత్రం మోచేయి సరిచేసుకుని రమ్మని చెప్పింది. రేణుకు ఒళ్ళు మండింది. సరిచేసుకోవడానికి అదేమైనా తప్పా? కుంగనిస్తే ఇక్కడ చోటు లేదు. మానేస్తే గురువుకు పంగనామాలు పెట్టినట్టే. పైగా ఆయన తనకు మిగిలింది ఆ కాస్త కదలికలోనే.

ఆమె భర్త ఉదయ్ సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు వెతకందే అన్నం సయించని మనిషి. రెండు శాఖల వీడియోలనూ ల్యాప్‌టాప్ మీద పక్కపక్కన పెట్టి ప్లే చేశాడు.

"చూడు, మొత్తం సేమ్. ఈ ఒక్క చోటే డిఫరెన్స్. మీ సిఫు ఇక్కడ మొహం కూడా చిట్లించారు."

"అది కాన్సన్‌ట్రేషన్."

"నాకైతే నొప్పిలా ఉందే. వాళ్ళ వైఫ్‌కి కాల్ చెయ్యరాదూ?"

సిఫు బతికుండగా అడగని ప్రశ్నను రేణు ఫోన్‌లో ఆయన భార్యను అడిగింది. ఆవిడ తన వచ్చీరాని ఇంగ్లిషులో నవ్వుతూ జవాబిచ్చింది.

"భుజం, తల్లీ. రెస్టారెంట్ వంటింట్లో పెద్ద పెద్ద బాణళ్ళు ఎత్తీ ఎత్తీ పాడైంది. ఆ చోటుకి రాగానే పట్టేసేది. మీరంతా అచ్చం అలాగే చేస్తుంటే ఇంటికొచ్చి తల పట్టుకునేవారు."

"మరి మాకు చెప్పలేదేం?"

"చెప్పమనే పోరేదాన్ని. 'ఎంత ముచ్చటగా చేస్తున్నారో, ఏమని చెప్పను?' అనేవారు. ఎవరో ఒకరు పొరపాటునైనా తిన్నగా చాపకపోతారా అని ప్రతి క్లాసులోనూ చూసేవారు."

రేణు ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుంది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ ముసలాయన మీద పట్టరాని ప్రేమ కలిగింది. ఇన్నాళ్ళూ అపురూపంగా దాచుకున్నది ఆయన నొప్పి.

ఆదివారం లావ్ సిఫు ఎదుట నిలబడి చేయి చాపింది. గదిలో మాటలు మసకబారాయి. కిటికీ వెలుగులో తన వేళ్ళు ఎవరివో వేళ్ళలా ముందుకు తేలిపోతున్నాయి. సగం దూరం వచ్చింది. మోచేయి అలవాటు కొద్దీ కుంగబోయింది. ఆమె కుంగనివ్వలేదు. చేయి తిన్నగా, తేలిగ్గా, ఆయన భుజం ఏనాడూ పోనివ్వని చోటికి వెళ్ళింది.

లావ్ సిఫు తల ఊపి టీ కప్పు తెమ్మంది. రేణు కదల్లేదు. చాపిన చేయి అలాగే ఉంచి, అందరి ముందూ ఏడ్చేసింది. చాన్ సిఫు అన్నేళ్ళు ఎదురుచూసిన చేయి ఇదిగో, ఇక్కడుంది. చూడాల్సిన ఆయనే లేరు.